ఇంటి పైపుల చప్పుడు – 4వ పాఠం: గోడలో బల్లి

పోయిన పాఠంలో కుళాయి ఠక్కున కట్టేస్తే గోడలో ధడ్‌మనే దెబ్బ సంగతి చూశాం. ఈసారి చప్పుడు వేరు. పొద్దున్నే సోలార్ నీళ్లు బకెట్లోకి వదిలిన అర నిమిషానికి టిక్... టిక్... మొదలవుతుంది. కుళాయి కట్టేశాక కూడా చాలాసేపు ఆగదు. నల్లగొండలో మా ఇల్లు కట్టిన మొదటి చలికాలం దాన్ని బల్లి అనుకున్నాం. ఏ మాట అన్నాక టిక్కుమన్నా, "చూశావా, బల్లి సత్యం పలికింది" అనేది మా అమ్మ.

అది సీపీవీసీ పైపు, అంటే వేడినీళ్లకు వేసే ప్లాస్టిక్ పైపు, వేడికి సాగుతున్న చప్పుడు. మీటరు పొడవు పైపు ఒక్కో డిగ్రీకి సుమారు 0.065 మిల్లీమీటర్లు పెరుగుతుంది. డాబా నుంచి బాత్రూముకు 6 మీటర్లు, నీళ్లు 25 నుంచి 65 డిగ్రీలకు వెళ్తే దాదాపు 16 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. అదంతా ఎటో ఒకవైపు జరగాలి. బిగించిన చోట కాసేపు ఆగి, టక్కున జారుతుంది. అదే టిక్కు. చలిదేశాల్లో ఇల్లు వెచ్చబరిచే పైపులు చెక్క నేల కింద చేసే గోల కూడా ఇదే. మనకు చెక్క బదులు సిమెంటు, తాండూరు బండ.

ముందు చోటు పట్టాలి. స్క్రూడ్రైవర్ మొన గోడకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టండి. ఒకరు వేడినీళ్లు వదులుతుంటే, మీరు జానెడు జానెడు జరుపుతూ వినండి. మా ఇంట్లో దొంగ దొరికింది స్లాబు కన్నంలో. మేస్త్రీ పైపు చుట్టూ సిమెంటు కూరి, కదలకుండా చేశాడు. గట్టిగా ఉండాలనే చేశాడు పాపం.

పని మొదలుపెట్టే ముందు వాల్వు కట్టి, పైపు చల్లారనివ్వండి. ట్యాంకు మీద నిలబడి ఉండే గాలి గొట్టం జోలికి మాత్రం పోవద్దు. సన్న ఉలితో సిమెంటు కొద్దికొద్దిగా రాల్చండి. సుత్తి దెబ్బ పైపుకు తగిలిందా, పని రెండింతలు. ఒకటింపావు అంగుళం పీవీసీ ముక్కను నిలువునా చీల్చి, ముప్పావు అంగుళం పైపుకు తొడగండి. ఆ ముక్క స్లాబు పైకి మూడు అంగుళాలు లేచి ఉండాలి. సిమెంటు దాని లోపల కాకుండా బయట చుట్టూ పెట్టండి, బయట పెట్టకపోతే మొదటి వానకే గోడ చెమ్మగిలుతుంది. లోపలి సందులో నల్ల ఫోమ్ గొట్టం తొడిగితే చాలు.

బయట కనిపించే క్లాంపులు వదులు చేయండి. పైపు చేత్తో తోస్తే జరగాలి. మలుపు దగ్గర ఎల్బోకూ గోడకూ మధ్య అంగుళం ఖాళీ ఉంచండి. పాత సైకిల్ ట్యూబు చుట్టమని చాలామంది చెప్తారు, నేనూ చుట్టాను. తర్వాత విప్పేశాను. కొన్ని రబ్బర్లలోని నూనెలు సీపీవీసీని పెళుసు చేస్తాయి. గ్రీజు, వంటనూనె రాయడం కూడా అందుకే వద్దు.

ఇంత చేసినా మా వంటింటి గోడలో ఒక టిక్కు మిగిలింది. ఆ పైపు ముక్క పూర్తిగా ప్లాస్టరింగులో ఉంది. దానికోసం టైల్సు పగలగొట్టలేదు. అమ్మ బల్లి అమ్మకు ఉండనీ.