ఇంజిన్ మార్చిన పికప్‌లో క్రూజ్ కంట్రోల్‌కి స్పీడ్ సిగ్నల్ ఎలా తీసుకోవాలి?

పాత పికప్‌లో వేరే ఇంజిన్, వేరే గేర్‌బాక్స్ పెట్టించి, పెద్ద టైర్లు కూడా వేయించారు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కుడికాలికి కాస్త విశ్రాంతి ఇద్దామని, యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే వేగంలో ఉంచే క్రూజ్ కంట్రోల్ కిట్ కొన్నారు. బిగింపంతా అయ్యాక పని ఒక వైరు దగ్గర ఆగుతుంది. బండి ఎంత వేగంగా పోతోందో కిట్‌కి చెప్పే వైరు అది. కంపెనీ బండిలో అది ఎక్కడుందో మాన్యువల్ చెబుతుంది. మార్చిన బండికి మాన్యువల్ ఉండదు.

ముందు ఒక విషయం తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లన్నది కిట్‌కి అనవసరం. మీరు సెట్ నొక్కినప్పుడు పల్సులు (బండి కదిలేకొద్దీ సెన్సర్ పంపే చిన్న కరెంటు తట్లు) ఏ రేటులో వస్తున్నాయో గుర్తుపెట్టుకుని, ఆ రేటు తగ్గితే యాక్సిలరేటర్ ఇస్తుంది, పెరిగితే వదులుతుంది. మీటర్ 80 చూపిస్తూ బండి నిజానికి 84లో పోతున్నా క్రూజ్ దాన్నే పట్టుకుని ఉంటుంది. సిగ్నల్‌లో మధ్యమధ్యలో పల్సులు తప్పిపోతే మాత్రం బండి నెమ్మదించిందనుకుని ఇంకా రేజ్ చేస్తుంది. కాబట్టి లెక్క అటూఇటూ అయినా ఫర్వాలేదు, సిగ్నల్ నిలకడగా ఉండాలి.

1. బండిలో ఇప్పటికే ఏముందో చూడండి

గేర్‌బాక్స్ వెనక చివర, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) మీద, స్పీడోమీటర్ కోసం ఏదో ఒకటి ఉంటుంది. తిరిగే కేబుల్ ఉంటే, కేబుల్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య బిగించే పల్స్ జనరేటర్ తీసుకోవచ్చు. మరలు కుదిరితే ఇంతకన్నా సులువైన దారి లేదు.

సెన్సర్ ఉంటే వైర్లు లెక్కపెట్టండి. రెండు వైర్లుంటే చాలావరకు అది కాయిల్ రకం. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి చక్రం తిప్పితే, వేగంతోపాటు వోల్టేజీ పెరుగుతుంది. మూడు వైర్లుంటే చాలావరకు హాల్ రకం (అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న చిప్): ఒకటి సప్లై, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి కడ్డీ) చేత్తో మెల్లగా తిప్పితే డీసీ వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉండాలి. ఏమీ కదలకపోతే సెన్సర్ పాడైందని వెంటనే తేల్చేయకండి. చాలా హాల్ సెన్సర్లు సిగ్నల్‌ని ఎర్త్‌కి లాగడమే చేస్తాయి, పైకి ఎత్తవు. సిగ్నల్ వైరుకీ సప్లైకీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు చిల్లర డబ్బులకే దొరుకుతాయి.

ఏబీఎస్ చక్రాల సెన్సర్ల జోలికి వెళ్లకండి. బ్రేకులకు వెళ్లే వైరును మధ్యలో కోయడం నాకు నచ్చని పని. జీపీఎస్ మాడ్యూల్ మీటర్ సరిచూసుకోవడానికి బాగుంటుంది కానీ, దాని వేగం కాస్త ఆలస్యంగా మారుతుంది, ఫ్లైఓవర్ కిందికో అండర్‌పాస్‌లోకో వెళ్తే పోతుంది. క్రూజ్‌కి అది పనికిరాదు.

2. ఏమీ లేకపోతే షాఫ్ట్ మీద అయస్కాంతాలు

ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి అయస్కాంతాలు కట్టి, పక్కన పికప్ కాయిల్ బిగించే సెట్లు దొరుకుతాయి. ఎక్కడ కట్టాలన్నదే అసలు ప్రశ్న. వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) వైపు కడితే గుంతలో పడ్డప్పుడల్లా షాఫ్ట్ పైకీ కిందికీ ఊగి, కాయిల్‌తో గ్యాప్ మారిపోతుంది. గేర్‌బాక్స్ వైపు చివర కదలిక తక్కువ, అక్కడే కట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ తర్వాతే తీసుకోవాలి. దానికి ముందు తీసుకుంటే లో రేంజ్‌లో (మెల్లగా, బలంగా లాగే గేరు) లెక్క తప్పుతుంది.

అయస్కాంతాలు జంటలుగా, ఎదురెదురుగా ఉండాలి. ఒకవైపే కడితే షాఫ్ట్ బ్యాలెన్స్ పోయి వైబ్రేషన్ మొదలవుతుంది. గ్యాప్ కిట్ కాగితంలో చెప్పినంతే ఉంచండి. కాయిల్ పట్టే క్లాంప్ మందపాటి రేకుతో చేయించండి, పల్చటి పట్టీ ఊగుతుంది. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపువాడైనా కొలత ఇస్తే అప్పటికప్పుడు చేసిస్తాడు.

బండి కిందికి దూరేముందు, ముందరి చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

3. లెక్క

చక్రం చుట్టుకొలతను పుస్తకంలో కాకుండా నేల మీద కొలవండి. మామూలు బరువు ఎక్కించి, టైరుకీ నేలకీ చాక్‌పీస్ గుర్తు పెట్టి, ఒక చుట్టు తోసి టేపుతో చూడండి. 235/70 ఆర్16 టైరు 2.25 మీటర్లు వచ్చిందనుకుందాం. కిలోమీటరుకి 444 చుట్లు. క్రౌన్ పినియన్ (వెనక హౌసింగ్‌లోని గేర్లు) నిష్పత్తి 3.9 అయితే షాఫ్ట్ 1733 సార్లు తిరుగుతుంది. రెండు అయస్కాంతాలతో సుమారు 3470 పల్సులు.

నిష్పత్తి తెలియకపోతే బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనక చక్రాన్ని కదలకుండా ఉంచి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. ఒకే చుట్టు తిప్పితే సగమే వస్తుంది, అక్కడ చాలామంది మోసపోతారు.

చాలా కిట్లలో సెట్టింగ్ మైలుకి పల్సులుగా ఉంటుంది. 1.609తో గుణిస్తే మన ఉదాహరణలో దాదాపు 5580. కిట్‌లో 2000, 4000, 8000 మాత్రమే ఉంటే దగ్గరగా ఉన్న 4000 పెట్టండి. ముందే చెప్పినట్టు ఇక్కడ అంత పట్టింపు అక్కర్లేదు.

4. వైరు

సెన్సర్ నుంచి కిట్‌కి వెళ్లే రెండు వైర్లను ఒకదానికొకటి మెలిపెట్టి, వీలైతే షీల్డ్ ఉన్న కేబుల్‌లో లాగి, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఆల్టర్నేటర్‌కీ హారన్ రిలేకీ దూరంగా పోనివ్వండి. మన ఊళ్లో హారన్ రిలేకి క్షణం తీరిక ఉండదు కదా!

ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్ బండి అయితే 80కి సెట్ చేసిన స్పీడ్ గవర్నర్ (ఆ వేగం దాటనివ్వని పరికరం) ఉండొచ్చు. దానికి వెళ్లే సిగ్నల్ వైరును కోయకండి, దానినుంచి జాయింట్ కూడా తీయకండి. క్రూజ్‌కి వేరే సెన్సర్ పెట్టుకోవడమే మంచిది. ఇంజిన్ మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది కాబట్టి ఆర్‌టీఓ అనుమతి, ఆర్‌సీలో నమోదు ముందే చూసుకోండి.

5. బ్రేక్ స్విచ్

సిగ్నల్ చక్కగా వస్తున్నా క్రూజ్ ఎక్కకపోతే వెనక లైట్లు చూడండి. చాలా కిట్లు బ్రేక్ బల్బు ఫిలమెంట్ ద్వారా ఎర్త్‌ని వెతుక్కుంటాయి. మార్చిన బండికి ఎల్ఈడీ లైట్లు పెట్టి ఉంటే ఆ ఎర్త్ దొరకదు. ఒక మామూలు బల్బును సమాంతరంగా కలిపినా, రిలే పెట్టినా సరిపోతుంది. మాన్యువల్ గేర్ అయితే క్లచ్ స్విచ్ కూడా తప్పనిసరి. అది లేకపోతే క్లచ్ తొక్కగానే ఇంజిన్ గోల పెడుతుంది.

6. రోడ్డు మీద

తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు ఓఆర్‌ఆర్ ఎడమ లేన్లలో చూడండి. 60లో సెట్ చేసి, మొదటగా బ్రేక్ పెడల్‌ని కాలితో తాకండి. క్రూజ్ వెంటనే తెగిపోవాలి. తెగకపోతే ఇగ్నిషన్ మాత్రం ఆపకండి, న్యూట్రల్‌లోకి తెచ్చి, కిట్ స్విచ్ ఆపి, పక్కకి తీయండి. ఆ తర్వాతే ఫ్లైఓవర్ ఎక్కుడు, దిగుడు చూడండి. చదును రోడ్డు మీద బండి ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టుంటే కిట్ సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించండి. ఉన్నట్టుండి దానంతటదే తెగిపోతుంటే గ్యాప్ చూడండి. అయస్కాంతాలకి ఇనుప రజను అంటుకుంటుంది, సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా గుడ్డతో తుడిపించండి.