కారుకి వెనక వెడల్పు టైర్లు వేసే ముందు ఈ కొలతలు చూడండి

వెనక వెడల్పు టైర్లు పడితే బండి నిలబడే తీరే మారిపోతుంది, నాకూ అది చాలా ఇష్టం. కానీ టైర్లు కొనేశాక ఒరుసుకుంటున్నాయని ఫెండర్లు (చక్రం పైన ఉండే బాడీ రేకు) కొట్టించుకోవడం మాత్రం వద్దు, కొనకముందే కొలవండి.

చూడాల్సిన ఖాళీలు రెండు: లోపలివైపు టైరుకీ షాక్ అబ్జార్బర్‌కీ మధ్య, బయట టైరుకీ ఫెండర్ లోపలి మడతకీ మధ్య. ఖాళీ బండి మీద కొలిస్తే మోసపోతారు. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీ నింపి, కుదిరితే ఒక వెనక చక్రాన్ని ర్యాంప్ మీదికి ఎక్కించి ఆ వైపు సస్పెన్షన్ బాగా కుంగినప్పుడు చూడండి. అప్పుడు కూడా కొత్త టైరు పోను లోపల 5, బయట 8 మిల్లీమీటర్లైనా మిగలకపోతే నేనైతే వేయను.

205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. అది తీసి 225/50 ఆర్16 వేస్తే వెడల్పు ఇటు 10, అటు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. అదే 225/55 వేశారంటే ఎత్తు 22 మిల్లీమీటర్లు పెరిగి పైన కూడా తగిలే ప్రమాదం ఉంది, స్పీడోమీటరూ తక్కువ చూపిస్తుంది.

రిమ్ కూడా మారుస్తుంటే అసలు లెక్క ఆఫ్‌సెట్ దగ్గరే. రిమ్ బిగించే ముఖం రిమ్ మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్, రిమ్ మీద ఈటీ అని రాసి ఉంటుంది. 7 అంగుళాల రిమ్ బదులు 8 అంగుళాలది వేస్తే ఒక్కో వైపు 12.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది కదా, ఈటీ 45 నుంచి 35కి దిగితే చక్రం మొత్తం ఇంకో 10 బయటికి జరుగుతుంది, అంటే రిమ్ అంచు లోపలికి 2.7 మాత్రమే, బయటికి 22.7 పోతుంది. చాలామంది రిమ్ వెడల్పు చూసి ఈ ఆఫ్‌సెట్ అంకె వదిలేస్తారు.

లోపల తగిలితే చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ (రిమ్‌కీ హబ్‌కీ మధ్య పెట్టే బిళ్ళ) పనికొస్తుంది, కానీ హబ్‌కి, అంటే చక్రం బిగించే భాగానికి, సరిగ్గా కూర్చునేదే తీసుకోండి, బోల్టులు ఆ మేరకు పొడవు ఉండాలి. బయట తగిలితే మడతని లోపలికి రోల్ చేయించవచ్చు, అంటే రోలర్‌తో నొక్కి వంచడం. హీట్ గన్‌తో పెయింట్ వేడి చేసి మెల్లగా చేయాలి, చల్లగా ఉన్నప్పుడు వంచితే పెయింట్ పగిలి తుప్పు మొదలవుతుంది. ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకీ అందే (ఫోర్ వీల్ డ్రైవ్) బండైతే ముందు, వెనక టైర్ల ఎత్తు ఒకటే ఉండాలి, లేదంటే ఇంజన్ శక్తిని చక్రాలకి చేర్చే డ్రైవ్‌ట్రెయిన్ దెబ్బతింటుంది.

బిగించాక మడత మీద సుద్ద పూసి, ఫుల్ లోడ్‌తో గతుకుల్లో తిప్పండి. సుద్ద చెరిగిందా, టైరు పక్కగోడ మీద మెరిసే గీత పడిందా అని టార్చ్ వేసి చూడండి. 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) బిగించడం మర్చిపోవద్దు.