మన గుట్ట, మన మొక్కలు – 4వ పాఠం: లాంటానా మెడ ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? గుట్ట మీద పది అడుగుల ముక్క ఒకటి ఎంచుకుని, అందులో కనబడ్డ మొక్కలన్నీ రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ముందు మా తప్పు చెప్తాను. మొదటి ఏడాది పదిహేను మందిమి కొడవళ్లు పట్టుకుని, రెండు ఆదివారాలు చెమటోడ్చి లాంటానా (స్థానిక మొక్కల్ని కమ్మేసే విదేశీ కలుపు పొద) కంపంతా కొట్టేశాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. వానలు పడ్డాక వెళ్లి చూస్తే ఒక్కో మోడుకి ఎనిమిదేసి, పదేసి చిగుళ్లు! తోటమాలి కంచె కత్తిరించినట్టు కత్తిరించి, ఇంకా గుబురుగా పెంచామన్నమాట.

లాంటానాకి కాండం వేరుగా మారే చోట, నేలకి కాస్త కిందుగా, మెడలాంటి భాగం ఉంటుంది. చిగుళ్లు పుట్టేది అక్కడే. దానికి పైన ఎంత నరికినా వృథా. దాని కింద, అంటే సుమారు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరు తెగితే, నేలలో మిగిలిన వేరు ఇక చిగురించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో ఈ పద్ధతితోనే లాంటానా తీయించి, ఆ పని వివరాలు 2009లో ప్రచురించింది. మందు కొట్టక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. గడ్డపార చాలు.

తొలి వానలకు నేల మెత్తబడ్డాక మొదలుపెట్టండి. కాయలు నల్లబడకముందే పని అయిపోవాలి. అప్పటికే కాయలుంటే ముందు వాటిని గోతంలోకి కోసేయండి, లేదంటే మన చేత్తో మనమే విత్తనాలు చల్లినట్టవుతుంది. నిండు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. దుబ్బులో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. రక్తపింజరలకి ఇలాంటి నీడ బాగా ఇష్టం.

మొదలు కనబడేలా అడ్డొచ్చే కొమ్మలు కొట్టి, దుబ్బు చుట్టూ తిరుగుతూ మూడు నాలుగు వైపుల నుంచి గడ్డపారతో ఏటవాలుగా పొడవండి. వేరు తెగితే చేతికే తెలుస్తుంది, దుబ్బంతా ఒక్కసారి వదులవుతుంది. గుంత పెద్దగా తవ్వొద్దు. కదిలిన మట్టిలో మొదట మొలిచేది మళ్లీ లాంటానాయే. పెకలించినదాన్ని తలకిందులుగా, వేర్లు ఆకాశంవైపు ఉండేలా రాయి మీద పెట్టి ఎండనివ్వండి. తడి నేల మీద పడేస్తే కొమ్మలు కణుపుల దగ్గర వేర్లు పోసుకుంటాయి.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. ఎక్కడ మొదలుపెట్టాలి? లాంటానా బాగా దట్టంగా ఉన్నచోట అని మనసు లాగుతుంది. వద్దు. పరికి, కలిమి, బలుసు, బోదగడ్డి లాంటి స్థానిక మొక్కలు ఇంకా బతికున్న అంచు దగ్గర మొదలుపెట్టండి. సిడ్నీలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960ల్లో తమ ఇంటి దగ్గరి అడవిలో ఇలాగే చేశారు. బాగున్న చోటి నుంచి పాడైన చోటికి నడవాలి, మట్టిని వీలైనంత తక్కువ కదపాలి, స్థానిక మొక్కలు తిరిగి కమ్ముకునే వేగాన్ని బట్టే ముందుకు వెళ్లాలి అన్నది వాళ్ల లెక్క. ఖాళీ చేసిన చోటును పక్కనున్న గడ్డి ఆక్రమించేదాకా ఆగడం మా కుర్రాళ్లకి అన్నిటికంటే కష్టమైన పని. వాలు మీద ఒకేసారి అంతా తీసేస్తే ఒక్క పెద్ద వానకి మట్టి కూడా పోతుంది.

అన్నట్టు, అది రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా గడ్డపార ఎత్తొద్దు. ఊరి గుట్టైతే పంచాయతీకి చెప్పండి.

ఈ వారం పని: ఒకే ఒక్క దుబ్బు తీయండి. ఎంత లోతున వేరు తెగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి, గుంత పక్కన గుర్తుకి రాయి పెట్టండి. మూడు వారాల తర్వాత వెళ్లి చూడండి. చిగురు వచ్చి ఉంటే పీకేయకండి. పక్కన మట్టి తీసి, అది ఎక్కడి నుంచి పుట్టిందో బొమ్మ గీసుకోండి. ఐదో పాఠం ఆ బొమ్మతోనే మొదలుపెడదాం.