పాత చీర అంచుతో గాజులు

వెంకటగిరి చీర కట్టీ కట్టీ మధ్యలో పిగిలిపోయినా అంచు మాత్రం గట్టిగానే ఉంటుంది. మా తిరుపతిలో ఏ ఇంట్లో బీరువా తీసినా అలాంటి చీరో, కొండకు కట్టుకెళ్లే పాత జరీ పంచో కనిపిస్తుంది. వాటిని మసిగుడ్డ చేసేయకండి, ఆ అంచుతో చక్కటి గాజులు వస్తాయి.

రంగు పోయిన ప్లాస్టిక్ గాజులు మూడు నాలుగు కలిపి సెల్లో టేపుతో బిగించండి. మట్టిగాజులు వద్దు, లోపల పగిలితే గుచ్చుకుంటాయి. గుడ్డ చుట్టాక గాజు బిగుతవుతుంది కాబట్టి, మీది రెండు నాలుగు సైజైతే రెండు ఆరు తీసుకోండి. ఇది మర్చిపోతే చేసిందంతా వృథా.

అంచును అంగుళంన్నర వెడల్పున పొడుగ్గా కోయండి. ఒక్కో గాజుకి సుమారు మీటరు పడుతుంది. కోసిన వైపు దారాలు లేస్తాయి, అందుకే దాన్ని లోపలికి మడిచి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయాలి. మొదటి కొసను గాజు లోపలి వైపు ఫెవికాల్‌తో అంటించి, ఏటవాలుగా, ప్రతి చుట్టూ ముందుదాని మీద సగం ఎక్కేలా లాగి చుట్టండి. నిటారుగా చుడితే ముడతలు పడతాయి. చివర కూడా లోపలే అంటించి, బట్టల క్లిప్పు పెట్టి రాత్రంతా వదిలేయండి.

మిగిలిన మెత్తటి చీర ముక్కల్లో ఎలాస్టిక్ ఎక్కిస్తే పిల్లల జడలకు బ్యాండ్లవుతాయి. వాటికి జరీ వాడొద్దు, జుట్టు పట్టుకుంటుంది.

అసలు వెండి జరీ ఉన్న పట్టుచీరకు మాత్రం కత్తెర పెట్టకండి. పాత జరీ కొనేవాళ్లు దానికి డబ్బులిస్తారు.