లేయర్ (గుడ్ల కోడి) పిల్లలకు ముక్కులు కోసే ముందు

హేచరీలోనే మొదటి రోజు ముక్కు కొనకు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు కొట్టించిన పిల్లలైతే షెడ్డులో బ్లేడు అక్కర్లేదు. పుండు పడదు, కొన 2-3 వారాల్లో తనే రాలుతుంది. నిపుల్ (నీళ్ల గొట్టానికుండే మొన) నొక్కి తాగుతున్నాయో లేదో మాత్రం మొదటి వారమంతా చూడాలి.

వేడి బ్లేడుతో 7-10 రోజుల వయసులో కోస్తుంటే:

- లసోటా (కొక్కెర తెగులు) టీకాకూ కోతకూ 2-3 రోజుల ఎడం ఉంచండి. జబ్బు పిల్లల జోలికి వెళ్లొద్దు.
- ముందు 2 రోజులు, తర్వాత 2 రోజులు నీళ్లలో విటమిన్ కె. సల్ఫా మందులు ఆపండి, అవి ఇస్తుంటే రక్తం సరిగా గడ్డకట్టదు.
- బ్లేడు చెర్రీ ఎరుపులో ఉండాలి. చల్లారితే రక్తం కారుతుంది, మరీ కాలితే కొన బుడిపె కడుతుంది. మొద్దుబారితే మార్చేయండి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.
- బొటనవేలు తల వెనక, చూపుడువేలు గొంతు కింద. మెల్లగా నొక్కితే నాలుక వెనక్కి పోతుంది. ముక్కు రంధ్రానికి 2 మి.మీ. వదిలి కోసి, 2 సెకన్లు కాల్చాలి.
- చల్లని పూటే పని. తర్వాత మేత లోతుగా పోయండి, పుండు అడుగుకు తగలకుండా.

తొందరపడితే పై, కింది ముక్కులు పొంతన తప్పుతాయి. 12 వారాలకు మళ్లీ కోయాల్సి వచ్చేది చాలావరకు ఇందుకే.