ఎడిటింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: అగ్గిపుల్ల ఆరే చోట

మూడో పాఠం హోంవర్క్ గుర్తుందిగా? ఇంట్లో ఎవరైనా టీ పెడుతుంటే ఐదు షాట్లు తీసి, ఎక్కడా గెంతినట్టు అనిపించకుండా అతకమన్నాను. అది వచ్చేస్తే ఇక్కడికి రండి. రాకపోతే ముందు దాని సంగతి చూడండి, తొందరేం లేదు. ఆ పాఠంలో కట్‌ని, అంటే ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే అతుకుని, దాచడం నేర్చుకున్నాం. ఈసారి దానికి పూర్తిగా రివర్స్. కట్ కనబడాలి, చూసేవాడు ఒక్కసారి ఉలిక్కిపడి సర్దుకుని కూర్చోవాలి.

ఈ పాఠానికి మన మాస్టారు బ్రిటిష్ దర్శకుడు డేవిడ్ లీన్. పేరు చెప్పగానే 'లారెన్స్ ఆఫ్ అరేబియా', ఎడారి, ఒంటెలు, ఇంత వెడల్పు తెర గుర్తొస్తాయి. ఆయన వారసత్వం అంటే అదేననుకుని అప్పు చేసి డ్రోన్ కొన్నవాళ్లు కూడా నాకు తెలుసు. నన్నడిగితే, ఫోన్‌లో ఎడిటింగ్ చేసుకునే మనకు ఆయన వదిలి వెళ్లినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చేదానికి పైసా ఖర్చు లేదు. ఒక షాట్ చివరి ఫ్రేమునీ, తర్వాతి షాట్ మొదటి ఫ్రేమునీ పక్కపక్కన పెట్టి చూసుకునే అలవాటు అది.

ఆ అలవాటు ఆయనకి ఊరికే రాలేదు. 1908లో లండన్ పక్కన క్రోయ్‌డన్‌లో పుట్టాడు. వాళ్లది క్వేకర్ (క్రైస్తవుల్లో నియమాలు ఎక్కువున్న ఒక శాఖ) కుటుంబం, చిన్నప్పుడు సినిమా చూడటానికే ఒప్పుకునేవారు కాదు. 1927లో గామాంట్ స్టూడియోలో టీలు అందించే కుర్రాడిగా చేరాడు. క్లాప్ కొట్టాడు, న్యూస్‌రీళ్లు (సినిమా హాళ్లలో వేసే వార్తా చిత్రాలు) కత్తిరించాడు, ఎడిటర్ అయ్యాడు. 'పిగ్మేలియన్' (1938) ఆయన ఎడిట్ చేసిందే. 1942లో నాటక రచయిత నోయెల్ కవర్డ్‌తో కలిసి మొదటిసారి దర్శకత్వం చేశాడు. అక్కణ్నుంచి నేరుగా 1984కి వద్దాం. బెంగళూరు చుట్టుపక్కల షూటింగ్ జరుపుకున్న 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' ఆయన చివరి సినిమా. అప్పటికి 76 ఏళ్లు. ఎడిటర్‌గా కూడా తన పేరే వేసుకున్నాడు. దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ మూడింటికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అంటే దర్శకుడయ్యాక కూడా ఎడిటింగ్ టేబుల్ దగ్గర్నుంచి పూర్తిగా లేచింది లేదు.

సరే, అసలు కట్ దగ్గరికి వద్దాం. 'లారెన్స్' (1962) మొదట్లో, కైరోలో ఒక సీను. లారెన్స్‌గా వేసిన పీటర్ ఓటూల్ మండుతున్న అగ్గిపుల్లని వేళ్లతో నలిపి ఆర్పుతాడు. పక్కనున్నవాడు తనూ ప్రయత్నించి చెయ్యి కాల్చుకుంటాడు. ఇందులో కిటుకేంటని అడిగితే, నొప్పిని పట్టించుకోకపోవడమేనంటాడు ఓటూల్. మనం నవ్వుకుని ముందుకు వెళ్లిపోతాం. కొద్దిసేపటికి అతన్ని అరేబియాకి పంపడం ఖాయమవుతుంది. డ్రైడెన్ అనే పెద్దమనిషికి నిప్పు అందించి, చేతిలో మండుతున్న పుల్లని చూస్తూ ఉంటాడు. ఇందాకటిలా వేళ్లతో నలుపుతాడనుకుంటాం. ఊదేస్తాడు. ఆ ఊపిరి మీదే కట్. తెర నిండా ఎర్రటి ఆకాశం, కింద నల్లటి నేల గీత. సూర్యుడు ఇంకా రాలేదు. మెల్లగా అంచు కనబడుతుంది.

ఇప్పుడు ఆ సినిమా పెట్టుకుని సరిగ్గా ఆ కట్ దగ్గర ఆపండి. ఒక ఫ్రేము వెనక్కి, ఒక ఫ్రేము ముందుకి జరపండి. పదిసార్లు చెయ్యండి, సిగ్గుపడక్కర్లేదు. మొదటి షాట్‌లో మొహం దగ్గరగా ఉంది, మంట చిన్నది. రెండో షాట్‌లో మనిషే లేడు, ఎరుపు మాత్రం తెరంతా పరుచుకుంది. అక్కడ మంట ఆరుతోంది, ఇక్కడ పొద్దు పొడవబోతోంది. రంగు కలిసింది, మిగతావన్నీ తలకిందులయ్యాయి. కట్ కనబడాలంటే కావలసింది ఇదే. ఏదో ఒక్కటి కలవాలి, మిగతాది విడిపోవాలి. అన్నీ కలిస్తే పోయిన పాఠంలోని టీ సీను అవుతుంది. ఏదీ కలవకపోతే ఫైలు కరప్ట్ అయిందనుకుంటారు.

ఇంకో మాట. ఆ కట్ బలం ఆ రెండు ఫ్రేముల్లో మాత్రమే లేదు. ముందు సీనులో వేళ్లతో నలిపిన పుల్ల లేకపోతే ఇది సగం కూడా పనిచేయదు. మన చూపు అగ్గిపుల్ల మీద ఉండాలని దర్శకుడు ముందే కట్టడి చేసుకున్నాడు.

స్క్రిప్టులో మాత్రం ఇక్కడ కట్ లేదు, డిజాల్వ్ ఉంది! ఒక బొమ్మ కరిగిపోతూ ఇంకోటి రావాలి. ఆ రోజుల్లో డిజాల్వ్ ల్యాబ్‌లో తయారై రావాలి కాబట్టి, అది వచ్చేదాకా రెండు షాట్లనీ ఊరికే అతికించి, ఇక్కడ డిజాల్వ్ అని గుర్తు పెట్టుకునేవారు. ఎడిటర్ ఆన్ కోట్స్, లీన్ కలిసి అలా అతికించిన ముక్కని చూశారు. అది అలాగే బాగుందనిపించింది. కొత్త తరహా ఫ్రెంచ్ సినిమాల్లో నేరుగా కొట్టే కట్‌లు ఆవిడకి బాగా నచ్చేవి, లీన్‌ని చూడమన్నది కూడా ఆవిడే. దాదాపు కుదిరింది, దీన్ని పర్ఫెక్ట్ చెయ్యమని లీన్ చేతికిచ్చాడట. ఆవిడ కత్తిరించి తీసేసింది రెండే ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన రెండంటే సెకనులో పన్నెండో వంతు. ఆ సినిమా ఎడిటింగ్‌కి కోట్స్ ఆస్కార్ అందుకుంది. కంప్యూటర్ మీద పనిచేసుంటే ఆ రెండు షాట్లూ అలా పక్కపక్కన కనబడేవే కాదని ఆవిడే తర్వాత చెప్పింది. నిజమే, యాప్‌లో డిజాల్వ్ ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది, మనకి ఉత్త అతుకుని చూసే అవకాశమే రాదు.

నా సంగతి చెప్పాలి. నేను పని నేర్చుకున్నది పెళ్లి వీడియోల దగ్గర. జీలకర్ర బెల్లం షాట్ నుంచి తలంబ్రాలకి వెళ్లాలంటే మధ్యలో హృదయాకారం తెరుచుకోవాలి, గులాబీ రేకులు రాలాలి, పెళ్లికూతురు గిర్రున తిరుగుతూ రావాలి. మూడు గంటల క్యాసెట్‌లో ఒక్క ఉత్త కట్ ఉంటే ఒట్టు. ఎఫెక్టులు తక్కువయ్యాయని ఒక పార్టీ డబ్బులు కూడా తగ్గించింది. అందుకే మీకు ఈ వారం నియమం పెడుతున్నాను: ట్రాన్సిషన్ల పేజీ తెరవకూడదు.

ఇక ప్రాక్టీస్. కావలసినవి రెండే షాట్లు. ఫోన్ కెమెరా మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, సెట్టింగ్స్‌లో 24 ఉంటే అది పెట్టుకోండి. నేను మా వీధి చివర కిరాణా కొట్టు అడిగి తీసుకున్నాను. మొదటి షాట్: రాత్రి షట్టర్ కిందికి లాగడం, దగ్గరగా. రెండోది: తెల్లవారుజామున అదే వీధి, ఖాళీగా, దూరంగా, ఫోన్ కదలకుండా. కొట్టు దొరక్కపోతే బీరువా తలుపైనా, ట్రంకుపెట్టె మూతైనా పరవాలేదు. ధడేల్‌మని ఆగే పని కావాలి.

ఇప్పుడు మూడు రకాలుగా అతకండి. మొదటిది, షట్టర్ నేలకి తగిలి, దుమ్ము లేచి, కొట్టాయన వంగి తాళం వేసేదాకా ఉంచి కట్ చెయ్యండి. నాది చూసుకుంటే ఆవలింత వచ్చింది. కట్ వచ్చేసరికి ఆ షాట్ ఎప్పుడో చచ్చిపోయింది. రెండోది, సరిగ్గా తగిలిన ఫ్రేములో కట్. ఇది నయం, వాక్యం చివర చుక్క పెట్టినట్టుంటుంది. మూడోది, తగలడానికి నాలుగు ఫ్రేముల ముందే కట్. కానీ చప్పుడుని బొమ్మ నుంచి విడదీసి (యాప్‌లో ఎక్స్‌ట్రాక్ట్ ఆడియో అని ఉంటుంది) అలాగే సాగనివ్వండి. షట్టర్ నేలకి తగలడం మనం చూడం. ఖాళీ వీధి తెర మీదికి వచ్చాక ధడేల్ వినబడుతుంది, ఆ దెబ్బకే తెల్లారినట్టుంటుంది. నేను నాలుగుతో మొదలుపెట్టి ఆరు చూశాను, రెండు చూశాను, చివరికి మూడు దగ్గర ఆగాను. మీ షట్టర్ వేగం వేరు, మీ అంకె వేరుగా వస్తుంది. మూడు వెర్షన్లూ ఇంట్లో వాళ్లకి చూపించి, ఏది బాగుందని అడక్కండి. మొహం చూడండి, చాలు.

ఎప్పుడు పడితే అప్పుడు ఇలా కొట్టకూడదు. 'లారెన్స్'లోనే నటుడు ఒమర్ షరీఫ్ ప్రవేశం చూడండి. బావి దగ్గర ఇద్దరుంటారు, దూరంగా ఎండమావిలో ఒక నల్ల చుక్క. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల లెన్సు (దూరాన్ని బాగా దగ్గరికి లాగేది) పెట్టి తీశాడు. సంగీతం లేదు. ఆ చుక్క మనిషయ్యేదాకా లీన్ ఆగుతాడు. మనమైతే మూడో సెకనులో టెన్షన్ పడి కత్తెర తీస్తాం.

'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' (1946) మొదటి సీను కూడా వీలైతే చూడండి. శ్మశానంలో గాలి, కిర్రుమంటున్న చెట్లు. పిల్లవాడు భయపడి పరిగెడతాడు, కెమెరా వాడి వెంటే తిరుగుతుంది, వాడు నేరుగా ఖైదీ చేతుల్లో పడతాడు. అప్పటిదాకా చెట్లని చూసి భయపడ్డాం, మనిషి ఉన్నాడని ఊహించం. భయపెట్టడానికి పెద్ద చప్పుడు కావాలనుకునేవాళ్లు ముందు వచ్చే ఆ గాలి చప్పుడు వినాలి.

వచ్చే పాఠానికి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' (1945) కావాలి. మొదట్లో వచ్చే రైల్వే స్టేషన్ టీ కొట్టు సీను వరకే చూసి ఆపెయ్యండి. చివరిదాకా చూస్తే పాఠం పాడవుతుంది. ఒక టేబుల్ దగ్గర ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కూర్చుని ఉంటారు. మధ్యలో తెలిసినావిడ ఒకావిడ వచ్చి కూర్చుని వాగుతూనే ఉంటుంది. అతను లేచి, వెళ్తూ వెళ్తూ తనతో ముందునుంచీ కూర్చున్న ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి ఎన్ని ఫ్రేములు అక్కడ ఉందో లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని రండి.