ఇంగ్లండ్ వారసత్వ వివాదాలు – 5వ పాఠం: దావాకు ముందే వేసుకోవలసిన లెక్క

1975 నాటి వారసత్వ చట్టం (మరణించినవారి ఆస్తి నుంచి తమకు తగిన ఏర్పాటు జరగలేదనేవారు కోర్టుకు వెళ్లేందుకు వీలిచ్చే చట్టం) కింద ఎవరు దావా వేయవచ్చో, ప్రొబేట్ (మరణించినవారి ఆస్తిని పంచేందుకు ఇచ్చే అధికార పత్రం) మంజూరైన 6 నెలల్లోగా ఎందుకు వేయాలో గత పాఠంలో చూశాం. కోర్టు ఇప్పించే సొమ్ములో చివరికి చేతికి ఎంత మిగులుతుందో ముందుగానే అంచనా కట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

భర్త, భార్య, సివిల్ భాగస్వామి (పెళ్లితో సమానంగా చట్టబద్ధంగా నమోదైన జీవిత భాగస్వామి) కాని వారు, అంటే పెద్దయిన సంతానం వంటివారు, దావా వేస్తే కోర్టు వారి పోషణకు అవసరమైన మేరకే సొమ్ము ఇప్పిస్తుంది. మరి ఆ సొమ్ము కోసం పోరాడడానికి అయిన లాయరు ఫీజు కూడా వారి అవసరంలో భాగమేనా? హీరాచంద్ కేసులో తలెత్తిన ప్రశ్న ఇదే. కుటుంబంతో సంబంధాలు తెగిపోయిన ఒక కుమార్తె, గెలిస్తే అదనపు ఫీజు, అంటే సక్సెస్ ఫీజు, చెల్లిస్తానన్న ఒప్పందంపై లాయర్లను పెట్టుకుని, మరణించిన తండ్రి ఆస్తి నుంచి భృతి కోరారు. హైకోర్టు ఆమెకు 1,38,918 పౌండ్లు ఇప్పిస్తూ, అందులో 16,750 పౌండ్లను ఆ అదనపు ఫీజు నిమిత్తం చేర్చింది.

2024 డిసెంబరు 18న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ చేర్పును తోసిపుచ్చింది. అదనపు ఫీజును ఓడినవారి నుంచి కోర్టు ఖర్చులుగా రాబట్టరాదని 2013లో అమలులోకి వచ్చిన మార్పుల ద్వారా పార్లమెంటు నిర్ణయించిందని, అటువంటప్పుడు అదే మొత్తాన్ని భృతి పేరుతో రాబట్టడం చెల్లదని న్యాయమూర్తులు తేల్చారు. పేద వాదికి ఈ ఫలితం కఠినమైనదే, ఎందుకంటే అవసరానికి సరిపడా లెక్కగట్టిన భృతిలోంచే ఫీజు పోతుంది. అయినా తర్కం సరైనదనే నా అభిప్రాయం.

ఇక లెక్కకు వద్దాం. అంకెలు కల్పితాలు. కోర్టు 90,000 పౌండ్లు ఇప్పించిందనుకోండి. మీ లాయరు మామూలు ఫీజు 50,000, దానిపై 60 శాతం చొప్పున అదనపు ఫీజు 30,000. మామూలు ఫీజులో ఎదుటి పక్షం నుంచి 35,000 వసూలైతే, మిగిలిన 15,000, అదనపు ఫీజు 30,000 కలిపి 45,000 మీరే భరించాలి. అంటే గెలిచిన సొమ్ములో సగమే చేతికి వస్తుంది.

ఇంతటితో లెక్క పూర్తి కాదు. ప్రతివాది 'పార్ట్ 36' (సివిల్ కోర్టు నిబంధనల్లో రాజీ ప్రతిపాదనలకు సంబంధించిన భాగం) కింద 95,000 పౌండ్లకు రాజీ ప్రతిపాదన పంపగా మీరు కాదన్నారనుకుంటే, 90,000 అంతకంటే తక్కువ కాబట్టి, ఆ ప్రతిపాదన గడువు (సాధారణంగా 21 రోజులు) ముగిసిన నాటి నుంచి అయిన మీ ఖర్చులు రాకపోవడమే కాక, అప్పటి నుంచి అయిన ఎదుటివారి ఖర్చులు కూడా సాధారణంగా మీ మీదే పడతాయి. పైగా చర్చిల్ అనే మరో కేసులో 2023 నవంబరులో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు, ఆపై 2024 అక్టోబరు నుంచి మారిన సివిల్ నిబంధనల వల్ల, రాజీ ప్రయత్నం చేయమని కోర్టు ఉభయ పక్షాలనూ ఆదేశించవచ్చు.

అభ్యాసం: పై ఉదాహరణలో రాజీ ప్రతిపాదనను గడువులోగా ఒప్పుకుంటే, అప్పటికి మామూలు ఫీజు 20,000 మాత్రమే అయి, అందులో 15,000 ఎదుటి పక్షం చెల్లిస్తే, అదే 60 శాతం చొప్పున అదనపు ఫీజు తీసివేసి చేతికి వచ్చేదెంతో కట్టండి.